చాప అందరికీ పరిచామా?

*వీధిలో, బడిలో, కల్యాణ మండపంలో తెర కట్టి నలుగురూ కలిసి సినిమా చూసే అలవాటు నిలవాలంటే ముందు తేలాల్సింది ఏ సినిమా అన్నది కాదు, ఎవరి కోసం అన్నది. పట్టాభిరామ్ నుంచి తిరుత్తణి దాకా ఉన్న మన ఊళ్ళకు ఈ ప్రశ్న మరీ దగ్గరిది.*

పట్టాభిరామ్‌లో పండగ పందిరి పక్కన తెర కట్టిన సాయంత్రం ఎలా ఉంటుందో ఆ వీధులు ఎరిగినవాళ్ళకు కొత్తగా చెప్పనక్కర్లేదు. మేడ పిట్టగోడకూ కరెంటు స్తంభానికీ తాళ్ళు లాగి తెల్లగుడ్డ బిగిస్తారు. ప్రొజెక్టరు వెలుతురు దాని మీద పడీ పడకముందే ముందు చోటంతా పిల్లలతో నిండిపోతుంది. వాళ్ళ వెనక ప్లాస్టిక్ కుర్చీల్లో వీధి పెద్దలు. కుర్చీల వెనక భుజాల మీద చేతులు వేసుకుని కుర్రకారు. ఆవడి వైపు నుంచి ఎలక్ట్రిక్ ట్రైన్ కూత వేసుకుంటూ వచ్చి హీరో మాటను మింగేస్తే అందరూ ఒక్కసారిగా గోల పెడతారు.

ఇప్పుడు అంచుల వైపు చూడండి. గడపల్లో నిలబడిన ఆడవాళ్ళకు తెర సగమే కనిపిస్తోంది. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది, చెవి ఒకటి అటే ఉంది. వీధి చివర మోటారు సైకిళ్ళకు ఆనుకుని నిలబడ్డ ఒడిశా, బిహార్ కుర్రాళ్ళకు మాట తెలియదు, ఫైటు వచ్చినప్పుడు మాత్రం ముఖాలు వెలుగుతాయి. మేడ మీద మంచం దిగలేని పెద్దాయనకు సినిమా అంటే శబ్దమే. వినపడని పిల్ల అమ్మ ముఖం చూసి ఎప్పుడు నవ్వాలో తెలుసుకుంటోంది. చక్రాల కుర్చీలో ఉన్నవాళ్ళు కాలువ మీది రాతిపలకలు దాటి రాలేరు. నాలుగు వీధుల అవతల ఉన్న ఇళ్ళవాళ్ళయితే అసలు లేరు. ఎవరూ రావద్దనలేదు. రమ్మని కూడా ఎవరూ అనలేదు.

సినిమా అంటే ప్రాణం పెట్టే నేల ఇది. తెర ముందుకు రానివాళ్ళకు సినిమా మీద ఇష్టం లేదనుకుంటే అది అన్యాయం. వేళ, చోటు, భాష, పిలుపు, ఈ నాలుగూ కుదరక దూరంగా ఉండిపోయినవాళ్ళే ఎక్కువ. వాళ్ళను తెర ముందుకు తీసుకురావడం సాధ్యమే. ఆ పని చేసి చూపించినవాళ్ళు మన దేశంలో, మన భాషలోనే ఉన్నారు.

ఇప్పుడే ఎందుకీ మాట

చెన్నై అశోక్ నగర్‌లో నాలుగు దశాబ్దాలు నడిచిన ఉదయం థియేటర్ 2024లో మూతపడింది. మామూలు సంపాదన ఉన్న కుటుంబం మొత్తం వెళ్ళి కూర్చోగలిగిన ఒంటి హాళ్ళు నగరంలోనూ శివార్లలోనూ ఒక్కొక్కటీ తగ్గిపోతున్నాయి. మాల్‌లో నలుగురు సినిమా చూసి పాప్‌కార్న్ తిని వస్తే భవన నిర్మాణంలో మేస్త్రీ కింద పనిచేసే కూలీకి రెండు మూడు రోజుల కూలి పోయినట్టే. ఇంట్లో ఫోనుంది నిజమే. కానీ ఫోను ఒక్కరి చేతిలో ఉంటుంది, దాని ముందు నలుగురు కలిసి ఏడవరు.

పట్టాభిరామ్ కూడా మారుతోంది. ఆవడి నగరపాలికలో కలిసిపోయిన ఈ ఊరికి 2024 నవంబరులో 21 అంతస్తుల టైడల్ పార్కు వచ్చింది. మిలటరీ డిపో కుటుంబాలు, ఆవడి ట్యాంకుల ఫ్యాక్టరీలో పనిచేసి ఇక్కడే స్థిరపడినవాళ్ళు, కలవల కణ్ణన్ చెట్టి పేరు మోస్తున్న హిందూ కాలేజీ విద్యార్థులు, కొత్తగా దిగుతున్న ఐటీ ఉద్యోగులు, వాళ్ళ భవనాలు కట్టిన వలస కూలీలు, అందరూ ఒకే స్టేషన్లో దిగుతారు. ఒకే చోట కూర్చునే సందర్భం మాత్రం వీళ్ళకు దాదాపు లేదు. వీధి తెర ఇవ్వగలిగింది సరిగ్గా అదే.

డేరా కింద మూడు తరగతులు

టూరింగ్ టాకీస్ చూసిన తరం ఇంకా మన మధ్య ఉంది. కోతలు అయ్యాక ఊరి బయట పొలంలో డేరా వేసేవారు. సాయంత్రం మైకులో భక్తి పాట మొదలైతే చుట్టుపక్కల ఊళ్ళకు అదే పిలుపు. మన సరిహద్దు ఊళ్ళలో ఒక డేరాలో ఘంటసాల గొంతు వినిపిస్తే పక్క ఊరి డేరాలో శీర్గాళి గోవిందరాజన్ గొంతు వినిపించేది. చీకటి పడితేనే బొమ్మ కనిపిస్తుంది కాబట్టి మొదటి ఆట, రెండో ఆట, రెండూ పొద్దు వాలాకే. పొలం పని ముగించుకుని కాళ్ళు కడుక్కుని వచ్చేవాళ్ళకు ఆ వేళ సరిగ్గా సరిపోయేది. ఒకటే ప్రొజెక్టరు కావడంతో రీలు మార్చినప్పుడల్లా విరామం. అప్పుడు వేరుశనక్కాయలు, మురుకులు, ఊళ్ళ కబుర్లు.

అది అందరి చోటు, కానీ సమానమైన చోటు కాదు. నేల, బెంచీ, కుర్చీ అని మూడు తరగతులు. నేలలో ఆడవాళ్ళకు ఒక వైపు, మగవాళ్ళకు ఒక వైపు, మధ్యలో అడ్డు. ఆ అడ్డును తక్కువచేసి మాట్లాడను, గొప్పచేసి కూడా మాట్లాడను. దాని వల్లే ఎందరో అమ్మలు, అత్తలు తోడు మగవాడు లేకుండా, పక్కింటి ఆడవాళ్ళతో కలిసి ధైర్యంగా సినిమాకు వెళ్ళగలిగారు. ఇవాళ ఆ అడ్డు అక్కర్లేదు. ఆ ధైర్యం ఎక్కడి నుంచి వస్తుందో మాత్రం ఆలోచించాలి.

> డేరా మోసిన తెలుగువాడు
> మచిలీపట్నంలో పుట్టి మద్రాసులో ఫొటో స్టూడియో పెట్టుకున్న రఘుపతి వెంకయ్య, 1910 ప్రాంతంలో స్టూడియోను తాకట్టు పెట్టి, బొమ్మతో పాటు శబ్దం వినిపించే క్రోనోమెగాఫోన్ యంత్రాన్ని తెప్పించారు. విక్టోరియా పబ్లిక్ హాల్లో ఆటలు వేశారు. ఆ తర్వాత యంత్రాన్నీ డేరానూ వెంటబెట్టుకుని ఊరూరూ తిరిగారు, బర్మా, సింహళం దాకా వెళ్ళారు. మౌంట్ రోడ్డు దగ్గర ఆయన కట్టిన గెయిటీ, మద్రాసులో భారతీయుడు సొంతంగా నిర్మించిన తొలి సినిమా హాలుగా పేరు పొందింది. అంతకు కొన్నేళ్ళ ముందే, 1905లో, తిరుచ్చి రైల్వే ఉద్యోగి స్వామికణ్ణు విన్సెంట్ ఫ్రెంచివాడి దగ్గర యంత్రం కొని డేరాతో బయల్దేరారు. దక్షిణాదిన చాలా ఊళ్ళకు హాలు రాకముందే సినిమా ప్రేక్షకుల దగ్గరికి నడిచి వెళ్ళింది.

మాట తెలుగు, చదువు అరవం

ఆంధ్ర, మద్రాసు సరిహద్దు మీద హెచ్.వి. పటాస్కర్ ఇచ్చిన తీర్పు మేరకు 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. సత్యవేడు వైపు ఊళ్ళు ఆంధ్రకు వెళ్ళాయి. గీత మారినా ఇళ్ళలో మాట మారలేదు. తిరుత్తణి, పళ్ళిపట్టు, పొదటూరుపేట వైపు మగ్గాల ఇళ్ళలో ఇవాళ్టికీ తెలుగు వినిపిస్తుంది. అయితే 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం తర్వాత బడిలో తమిళమే మొదటి భాష. ఫలితం ఇంటింటా కనిపిస్తోంది. అవ్వకు తెలుగు అక్షరాలు వచ్చు, తమిళం చదవలేదు. మనవరాలు అవ్వతో తెలుగులోనే పోట్లాడుతుంది, కానీ తెలుగు అక్షరం చూస్తే దిక్కులు చూస్తుంది.

సినిమా వేసేవాళ్ళకు ఇది చిన్న విషయం కాదు. తెలుగు సినిమాకు కింద తమిళ అక్షరాలు పడితే మనవరాలికి అందుతుంది, పక్కింటి తమిళ కుటుంబానికి అందుతుంది, తమిళ మాధ్యమంలో చదివిన వినికిడి లేని పిల్లలకూ అందుతుంది. తమిళ సినిమాకు తెలుగు అక్షరాలు పడితే అవ్వకు అందుతుంది. ఇంగ్లీషు అక్షరాలు మాత్రమే పడితే, మన చాలా ప్రదర్శనల్లో జరిగేది ఇదే, వీళ్ళలో ఎవరికీ పూర్తిగా అందదు.

భాష అడ్డు కాని రోజులూ ఉన్నాయి. బాలచందర్ తీసిన తెలుగు ‘మరో చరిత్ర’ 1978లో డబ్బింగు లేకుండానే మద్రాసు సఫైర్‌లో ఏడాదికి పైగా ఆడింది. అంతకు ముందు 1957లో వాహినీలో ‘మాయాబజార్’ను ఒకే సెట్లలో తెలుగులోనూ తమిళంలోనూ తీశారు. ఘటోత్కచుడు రెండింటిలోనూ ఎస్వీ రంగారావే, మాయ శశిరేఖ ఆట రెండింటిలోనూ సావిత్రిదే. అభిమన్యుడు మాత్రం తెలుగులో అక్కినేని, తమిళంలో జెమినీ గణేశన్. తిరుత్తణిలో ఒక శనివారం ఒకటి, మరుసటి శనివారం ఇంకొకటి వేస్తే రెండు భాషల ఇళ్ళూ రెండు రోజులూ వస్తాయని నాకు గట్టి నమ్మకం.

తెర ఎక్కడ కడితే ఎవరు వస్తారు

ఈ ప్రాంతానికి ఊరంతా కలిసి రాత్రంతా మేలుకునే అలవాటు సినిమాతో రాలేదు. ద్రౌపదమ్మ గుడి తిరునాళ్ళలో పగలు భారత కథ, రాత్రి తెల్లవార్లూ కూత్తు అనే వీధినాటకం, చివర దుర్యోధన వధ, అగ్నిగుండం. ఇంటింటి చందా, ఊరూరా చాటింపు, చంకలో పిల్లలతో తల్లులు. ప్రేక్షకులను ఎలా కూడగట్టాలో నేర్చుకోవాలంటే ముందు ఆ తిరునాళ్ళ నిర్వాహకుల పక్కన కూర్చోవాలి. అదే సంప్రదాయం ఎక్కడ ఆగిపోతుందో కూడా చూడాలి. విల్లుపురం జిల్లా మేల్పాది ద్రౌపదమ్మ గుడిలోకి దళితులను రానివ్వక గొడవ ముదిరి, 2023 జూన్‌లో అధికారులు గుడికి తాళం వేయాల్సి వచ్చింది.

అందుకే తెర కట్టే చోటును సౌకర్యం బట్టి మాత్రమే ఎంచుకోకూడదు. గుడి ముందు కడితే కొందరు రారు, చర్చి ఆవరణలో కడితే కొందరు రారు. ఊళ్ళో కడితే దళిత కాలనీవాళ్ళు దూరంగా నిలబడతారు, కాలనీలో కడితే ఊళ్ళోవాళ్ళు కదలరు. సర్కారు బడి మైదానం, గ్రంథాలయం, రైల్వే స్టేషన్ దగ్గరి ఖాళీ స్థలం, ఇలా ఎవరి సొంతమూ కాని చోటే అందరి చోటు అవుతుంది. ఒకే చోట పాతుకుపోకుండా నెలకో వాడలో తెర కట్టడం ఇంకా మేలు. ఈ నెల మా వీధికి మీరు రండి, వచ్చే నెల మీ వీధికి మేం వస్తాం అన్న మాటలో మర్యాద ఉంది.

ఇలా చోటు దక్కనిది ప్రేక్షకులకే కాదు. తొలి మలయాళ చిత్రంలో నటించిన దళిత స్త్రీ పి.కె. రోజీకి తన సినిమాను నలుగురితో కూర్చుని చూసే అవకాశం దక్కలేదు. తెర మీద ఆమెను అగ్రవర్ణ స్త్రీ పాత్రలో చూసి సహించలేనివాళ్ళు హాల్లో గొడవ చేశారు, ఆమె ఊరు విడిచి పారిపోవాల్సి వచ్చింది. ఇవాళ దర్శకుడు పా. రంజిత్ నీలం సంస్థ చెన్నైలో ఆమె పేరుతో చిత్రోత్సవం జరుపుతోంది. తిరువళ్ళూరు జిల్లాలో ఇరుళర్ గిరిజన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. 2021లో వచ్చిన ‘జై భీమ్’ వాళ్ళ కథే. ఆ కథను వాళ్ళ వాడలో, వాళ్ళు కోరుకున్న రోజున, వాళ్ళే ముందు వరుసలో కూర్చుని చూడగలగాలి. చూశాక మాట్లాడే మైకు కూడా ముందు వాళ్ళ చేతికే వెళ్ళాలి.

ఎనిమిదింటి రైలు, పదింటి మైకు

పట్టాభిరామ్‌లో అసలు చిక్కుముడి గడియారం దగ్గరుంది. నగరంలో పనిచేసేవాళ్ళు ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిది. శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది దాటాక ఆరుబయట మైకు మోగకూడదు. రెండున్నర గంటల సినిమా ఈ మధ్యలో పట్టదు. ఆరున్నరకే మొదలుపెడితే ఉద్యోగాలకు వెళ్ళే ఆడవాళ్ళు రారు, ఇంట్లో ఉన్న ఆడవాళ్ళకు అది వంట వేళ. చివరికి మిగిలేది ఎప్పుడూ ఖాళీగా ఉండే మగపిల్లలే. మరుసటి రోజు నిర్వాహకులు ‘ఆడవాళ్ళు రాలేదండీ’ అని బాధపడతారు.

దారులు లేకపోలేదు. నాలుగు గోడల మధ్య ఉండే హాళ్ళకు ఆ రాత్రి నిబంధన నుంచి మినహాయింపు ఉంది. ముహూర్తాలు లేని రోజుల్లో ఖాళీగా పడి ఉండే కల్యాణ మండపాలు మన దగ్గర బోలెడు. ఆదివారం మధ్యాహ్నం రెండున్నరకు, భోజనాలయ్యాక, ఫ్యాన్ కింద ఆట వేస్తే వంట అడ్డు రాదు. ఆరుబయటే కావాలంటే గంటన్నర లోపు సినిమా ఎంచుకోవచ్చు. మరుగుదొడ్డి తెరిచి ఉంచడం, ఇంటికి వెళ్ళే దారిలో లైట్లు వెలిగేలా చూడటం, పసిపిల్లలు ఏడిస్తే విసుక్కోకుండా ఉండటం సినిమా ఎంపికంత ముఖ్యమైన పనులు. బ్రిటన్‌లో కొన్ని హాళ్ళు పసిబిడ్డల తల్లుల కోసం విడిగా ఆటలు వేస్తాయి. ఆటిజం ఉన్నవాళ్ళ కోసం శబ్దం తగ్గించి, దీపాలు పూర్తిగా ఆర్పకుండా, లేచి తిరిగినా ఎవరూ కాదనని ఆటలూ వేస్తాయి. వీధి తెరకు ఇవన్నీ సహజంగానే కుదురుతాయి. మనం గుర్తుపెట్టుకుంటే చాలు.

తెలంగాణలో జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల స్త్రీలు మరో మెట్టు ఎక్కారు. చాలామంది దళిత స్త్రీలు, బడి ముఖం చూడని రైతు కూలీలు. 1990ల చివర కెమెరా పట్టడం నేర్చుకున్నారు. తమ విత్తనాల గురించి, వరంగల్‌లో బీటీ పత్తితో దెబ్బతిన్న రైతుల గురించి సినిమాలు తీశారు. తీసినవాళ్ళు తమ మధ్య మనుషులే అయినప్పుడు చూడటానికి వచ్చేవాళ్ళను వేరే పిలవనక్కర్లేదు. ఆంధ్ర, తెలంగాణ పల్లెల్లో డిజిటల్ గ్రీన్ చేసిన పని కూడా ఇలాంటిదే. అరచేతిలో పట్టే ప్రొజెక్టరుతో పొదుపు సంఘం కూర్చునే చోటికే, కూర్చునే వేళకే బొమ్మ వెళుతుంది. పక్క ఊరి రైతమ్మ తన పద్ధతి తన మాటల్లో చెబుతుంది. వేరే సమావేశానికి రమ్మనలేదు, ఉన్న సమావేశంలోకే తెర వచ్చింది. పట్టాభిరామ్‌లో, తిరుత్తణిలో మహిళా సంఘాలు లేని వీధి లేదు.

కథ చెప్పే గొంతు

2011 జనగణన ప్రకారం దేశంలో వికలాంగులు 2.68 కోట్లు. చూపు సమస్య ఉన్నవారు, వినికిడి సమస్య ఉన్నవారు చెరో అరకోటి. వాళ్ళను సినిమాకు రాలేనివాళ్ళుగా లెక్కగట్టడం మానుకోవాలి.

మూకీల కాలంలో తెర పక్కన ఒకాయన నిలబడి, అక్షరాలు చదివి వినిపిస్తూ, ఎవరు ఎవరో చెబుతూ, కథను నడిపించేవాడు. చదువు రానివాళ్ళకు సినిమా అందింది ఆ గొంతు వల్లే. ఇవాళ చూపులేని ప్రేక్షకుడికి కావాల్సింది అదే గొంతు. ‘ఆమె తలుపు దగ్గర ఆగింది, ఉత్తరం చింపేసింది’ అని మాటల మధ్య ఖాళీలో చెప్పగలిగే మనిషి ఒకరు. ఖరీదైన యంత్రాలు లేకపోతే ముందుగా సినిమా రెండుసార్లు చూసి రాసుకున్న కాలేజీ విద్యార్థి చాలు. తెర పక్కన ఒక మూల నాలుగు కుర్చీలు వేసి మెల్లగా చెప్పవచ్చు. హిందూ కాలేజీ లాంటిది అందుబాటులో ఉన్న ఊరికి ఇలాంటి గొంతులకు కొరత ఉండదు.

> చట్టం ఏమంటోంది
> వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. 2023 జనవరిలో ‘పఠాన్’ సినిమా విషయంలో ఢిల్లీ హైకోర్టు ఓటీటీ విడుదలకు దృశ్య వివరణ, ఉపశీర్షికలు సిద్ధం చేయమంది. 2024 మార్చి 15న కేంద్ర సమాచార ప్రసార శాఖ థియేటర్లలో ఈ సౌకర్యాల కోసం మార్గదర్శకాలు జారీ చేసింది. ఒకటి కంటే ఎక్కువ భాషల్లో సర్టిఫికెట్ పొందే సినిమాలకు ఆరు నెలల గడువు, మిగతా సినిమాలకు రెండేళ్ళ గడువు పెట్టింది. ఈ సౌకర్యాలతో వచ్చే సినిమాలు పెరిగే కొద్దీ వీధి తెర నిర్వాహకుల పని సులువవుతుంది. సినిమా అడిగేటప్పుడే ఆ ప్రతినే అడగాలి.

ఎంపిక చేసేవాళ్ళు ఎవరు

1947లో కలకత్తా ఫిల్మ్ సొసైటీ, 1959లో సత్యజిత్ రాయ్ అధ్యక్షుడిగా ఫిల్మ్ సొసైటీల సమాఖ్య, అందులో మొదటి నుంచీ మద్రాసు సొసైటీ. ఆ ఉద్యమం మనకు మంచి దర్శకులనూ మంచి విమర్శకులనూ ఇచ్చింది. ఆ రుణం తీరేది కాదు. అయినా సభ్యత్వ రుసుము కట్టి, ఇంగ్లీషు అక్షరాలు చదవగలిగిన వాళ్ళ గదిగానే అది చాలాచోట్ల మిగిలిపోయింది. ఆ గది తలుపు తెరిచినవాడు కేరళలో దర్శకుడు జాన్ అబ్రహాం. ఒడేసా పేరుతో మిత్రులను కూడగట్టి, ఊరూరా చాప్లిన్ ‘ది కిడ్’ వేసి, చూసినవాళ్ళు ఇచ్చిన చిల్లర పోగేసి 1986లో ‘అమ్మ అరియాన్’ తీశాడు. తర్వాత ఆ సినిమానూ ఊరూరా వేశారు. చాప్లిన్‌కు భాష అక్కర్లేదు. ఒడిశా కూలీ, తిరుత్తణి అవ్వ, వినపడని పిల్ల ఒకేసారి నవ్వగలిగే సినిమాతో మొదలుపెట్టడంలో గొప్ప తెలివి ఉంది.

తమిళనాడు ప్రభుత్వం 2022 నుంచి సర్కారు బడుల్లో పిల్లలకు సినిమాలు చూపిస్తోంది. ఇది చాలా మంచి పని. ఆ రోజు తల్లిదండ్రులను కూడా పిలిస్తే, ఎప్పుడూ ఏ సభకూ రాని తల్లి తన పిల్ల బడికి సినిమా చూడటానికి వస్తుంది.

> ముందే చూసుకోండి
> టిక్కెట్టు పెట్టకపోయినా సరే, బహిరంగంగా సినిమా వేయాలంటే హక్కుదారు అనుమతి కావాలి. ఓటీటీ చందా ఇంటి వరకే. విద్యాసంస్థల కార్యక్రమాల్లో భాగంగా విద్యార్థులకు, సిబ్బందికి, తల్లిదండ్రులకు మాత్రమే వేసే సినిమాకు కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ మినహాయింపు ఇస్తోంది. స్వతంత్ర దర్శకులు, లఘుచిత్ర, డాక్యుమెంటరీ దర్శకులు అడిగితే చాలాసార్లు సంతోషంగా ఇస్తారు, వచ్చి కూర్చుంటారు కూడా. స్థలానికీ మైకుకూ స్థానిక అనుమతులు వేరే.

వేళ, చోటు, భాష, పిలుపు, ఇవన్నీ ఒక్క గదిలో తేలేవి. సినిమాలు ఎంచుకోవడానికి కూర్చునే ఐదారుగురు ఒకే వీధి స్నేహితులైతే, వాళ్ళ లాంటివాళ్ళే చూడటానికి వస్తారు. అందులో ఒక మహిళా సంఘం అక్క, ఒక బడి పంతులమ్మ, కాలనీ నుంచి ఒక అన్న, చక్రాల కుర్చీలో తిరిగే ఒకరు, అద్దె గదుల్లోంచి హిందీ తెలిసిన ఒక కుర్రాడు ఉంటే వేళ మారుతుంది, చోటు మారుతుంది, సినిమా జాబితా మారుతుంది. పిలుపు కూడా వాట్సాప్ గుంపు దాటి రేషన్ షాపు వరుసకు, స్టేషన్ మెట్లకు, మగ్గాల ఇళ్ళకు వెళుతుంది. వచ్చే పండగకు తెర కట్టాలనుకునే కుర్రకారు ఇప్పుడే, గుడ్డ కొనకముందే, ఆ ఐదారుగురి ఇళ్ళకు వెళ్ళి తలుపు తట్టాలి. ‘అక్కా, ఏ రోజైతే నీకు వీలు?’ అన్నది అక్కడ అడగాల్సిన మొదటి ప్రశ్న. ‘ఏ సినిమా చూడాలనుంది?’ అన్నది రెండోది.